మోటారు ఎత్తుకోకపోతే: స్టార్టర్ పెట్టెకు మాట మాటకూ వ్యాఖ్యానం

సోమశిల జలాశయంలో 78 టీఎంసీల నీళ్లు పడతాయి. ఆ నీళ్లు కాలువల వెంట పల్లానికి పారతాయి గానీ ఉదయగిరి వైపు మెట్టకు ఎక్కవు. వెలిగొండల నీడన ఉన్న సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు పొలాలకూ, ఆత్మకూరు దాటాక మర్రిపాడు వైపు చేలకూ బోరే దిక్కు. బోరుకు మోటారు దిక్కు. ఆ మోటారు ప్రాణమంతా గట్టు మీద రాతికూసానికి బిగించిన రేకు పెట్టెలో ఉంటుంది.

ఆ పెట్టె గురించి రైతు నోట వినపడే మాటలు రెండే. ఒకటి "ఎత్తుకోవటంలా", రెండోది "కాలిపోయింది". మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య గంటల వ్యవధి ఉంటుంది, ఒక్కోసారి రోజులు కూడా. ఆ వ్యవధిలో పెట్టె తనకు తెలిసిన తీరులో చాలా సంగతులు చెబుతూనే ఉంటుంది. పెట్టె ఆగిపోవడం వేరు, చెడిపోవడం వేరు. నా లెక్కలో చాలాసార్లు ఆగిన పెట్టె తన పని తాను చేసిన పెట్టే. మెకానిక్కులూ రైతులూ రోజూ వాడే మాటలనే తీసుకుని ఆ సంగతి చెబుతాను.

కరెంటు వచ్చింది. ఊళ్లో లైటు వెలిగితే ఇంటికి కరెంటు వచ్చినట్టే, మోటారుకు వచ్చినట్టు కాదు. మోటారుకు మూడు ఫేజులూ కావాలి. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 415 వోల్టులకు దగ్గరగా ఉండాలి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240. లైను చివరి పొలాల్లో ఇది 350కి జారడం వింత కాదు. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక 350 దగ్గర మిగిలేది నూటికి 71 వంతులే. అంత తక్కువ బలంతో అదే నీళ్లను అదే ఎత్తుకు తోడాలంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. స్టార్టర్ మీదుండే వోల్ట్‌మీటరును చూడకుండా పచ్చబటన్ నొక్కేవాళ్లే ఎక్కువ. ఆ మీటరు ముల్లు చాలా పెట్టెల్లో ఏనాడో విరిగి ఉంటుంది, దాన్ని మార్చాలని ఎవరికీ తోచదు.

2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడ్డాక బిల్లు బెంగ పోయింది. కరెంటు ఉండే గంటల బెంగ మిగిలింది. చాలాకాలం అవి ఏడు గంటలు, అందులో సగం రాత్రిపూట. పగటిపూట తొమ్మిది గంటలన్నది 2019 తర్వాతి మాట. ఉన్న కొద్ది గంటల్లోనే తడి పూర్తి కావాలన్న తొందర నుంచే కింద చెప్పబోయే జబ్బుల్లో సగం పుట్టాయి.

ఫేజు పోయింది. మూడింటిలో ఒకటి తెగడం. స్తంభం మీద జంపరు ఊడవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీగ కరగవచ్చు, మన మెయిన్ స్విచ్‌లోనే కట్అవుట్ వదులై ఉండవచ్చు. ఆగి ఉన్న మోటారుకు ఫేజు లేకపోతే అది తిరగదు, గుయ్‌మని మూలుగుతుంది. అప్పుడు వెంటనే ఆపేస్తే బతుకుతుంది. అసలు ప్రమాదం తిరుగుతున్న మోటారుకు ఫేజు పోవడం. అది ఆగదు. ముగ్గురు మోసే బరువు ఇద్దరి భుజాల మీద పడ్డట్టు మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది. నీళ్లు వస్తూనే ఉంటాయి, రైతు గెనెం మీద కూచుని చూస్తూనే ఉంటాడు. బోరు అడుగున వైండింగు మాడుతుంటుంది.

వైండింగు షాపులో మోటారు విప్పగానే ఈ కథంతా కంటికి కనబడుతుంది. స్టార్‌లో కట్టిన మోటారైతే మూడింట రెండు వంతుల చుట్లు నల్లబడి, ఒక వంతు కొత్తదానిలా ఉంటుంది. డెల్టా అయితే తిరగబడుతుంది, ఒక వంతే నలుపు. అంతా ఒకే తీరున మాడి ఉంటే అది ఫేజు తప్పు కాదు. తక్కువ వోల్టేజీయో, ఎక్కువ బరువో అని అనుమానించాలి. విప్పినప్పుడు ఎదుట నిలబడి చూడని రైతు చుట్టుకూలికి డబ్బు ఇచ్చి, కారణాన్ని షాపులోనే వదిలేసి వస్తాడు. అదే మోటారు మళ్లీ అదే పెట్టె కిందికి దిగుతుంది.

ఇంకొక రకం ఉంది, అది మరింత మోసం. ట్రాన్స్‌ఫార్మర్‌కు పై వైపు, అంటే 11 కేవీ లైనులో హెచ్‌జీ ఫ్యూజు ఒకటి పోతే, కింద మూడు ఫేజుల్లోనూ ఎంతో కొంత కరెంటు ఉంటుంది. ఒకదాంట్లో నిండుగా, రెండింటిలో సగంగా. మూడు బల్బులూ వెలుగుతాయి, రెండు మసగ్గా. ఆ స్థితిలో తిరిగే మోటారుకు ఒక తీగలో మిగతా రెండింటికి రెట్టింపు కరెంటు పోతుంది.

టెస్టరు. జేబులో పెన్నులా ఉండే నియాన్ టెస్టరు పల్లెల్లో చాలా మోటార్లను కాల్చింది. ఫేజు ఉందా లేదా అని దాన్ని అడగకూడదు. ఎందుకంటే తిరుగుతున్న మోటారు పోయిన ఫేజులోకి తానే వోల్టేజీని పుట్టిస్తుంది. తేలిక బరువు మీద ఉన్న మోటారైతే అది అసలు వోల్టేజీకి బాగా దగ్గరగా కూడా ఉంటుంది. మన మోటారు ఆగి ఉన్నా, అదే లైను మీద పక్క చేలో మోటారు తిరుగుతుంటే చాలు, చచ్చిన ఫేజు మన దగ్గర బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. కెపాసిటర్ తగిలించి ఉన్నా ఇదే తంతు. టెస్టరు ఎర్రగా వెలుగుతుంది, "మూడూ ఉన్నాయి అబ్బయ్యా" అని మెకానిక్ తేల్చేస్తాడు, తప్పు స్టార్టర్‌దని కొత్త కాయిల్ కొనిపిస్తాడు.

పాతకాలం పద్ధతే మేలు. 240 వోల్టుల బల్బులు రెండు వరుసగా కలిపి, ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు జతలూ పెట్టి చూడటం. బల్బు కరెంటు తాగుతుంది కనుక ఉత్తుత్తి వోల్టేజీకి వెలగదు. మోటారు ఆపి, వీలైతే పక్కవాళ్లను కూడా ఓ నిమిషం ఆపమని కేకేసి చూడాలి. రెండు బల్బుల ఖర్చు కాయిల్ ఖర్చులో ఎన్నో వంతు కాదు.

ప్రివెంటర్. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా. మూడు ఫేజులనూ కనిపెట్టి ఉండి, తేడా వస్తే స్టార్టర్ కాయిల్‌కు పోయే కరెంటు తెంచేస్తుంది. కాయిల్ వదిలితే మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ పడిపోతుంది, మోటారు ఆగుతుంది. చౌక రకాలు వోల్టేజీ పరిమాణం మాత్రమే చూస్తాయి. పైన చెప్పిన మోటారు పుట్టించే వోల్టేజీకి అవి కూడా టెస్టరులాగే మోసపోతాయి. మెరుగైనవి మూడు ఫేజుల క్రమంలో వచ్చే అసమతౌల్యాన్ని గాని, నేరుగా కరెంటును గాని చూస్తాయి. మోటారు తీగలు డబ్బా మధ్య రంధ్రాల్లోంచి దూరి వెళ్తుంటే అది కరెంటు చూసే రకం. వోల్టేజీ చూసే రకమా, కరెంటు చూసే రకమా అన్నదే కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న. ఎన్నేళ్ల గ్యారంటీ అన్నది రెండోది.

డైరెక్టు. ఈ వ్యాఖ్యానంలో నాకు ముఖ్యమైన మాట ఇది. ప్రివెంటర్ మాటిమాటికీ ఆపేస్తోందని దాని రెండు వైర్లూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టడాన్ని డైరెక్టు చేయడం అంటారు. ఓవర్‌లోడ్ రిలేకూ అదే గతి. ఫ్యూజు స్థానంలో అల్యూమినియం తీగ పోగులు దూర్చడం కూడా డైరెక్టే, పేరు వేరు.

మెకానిక్‌ను పూర్తిగా తప్పుపట్టలేను. మే నెల, నిమ్మచెట్లు ముడుచుకుపోతున్నాయి, కరెంటు ఇంకో మూడు గంటలే ఉంటుంది, కొత్త డబ్బా కావాలంటే ఆత్మకూరో నెల్లూరో పోవాలి. ఆ పూట డైరెక్టు చేసి నీళ్లు పారించడం అర్థమవుతుంది. అర్థం కానిది ఆ పూట చేసినది మూడేళ్లు అలాగే ఉండిపోవడం. పెట్టె మూత వేయగానే ఆ సంగతి అందరూ మరచిపోతారు, పొలం కౌలుకు తీసుకున్నవాడికి అసలు తెలియనే తెలియదు. డైరెక్టు చేసిన తేదీని పెట్టె తలుపు లోపలి వైపు చాక్‌పీసుతో రాసిపెట్టే మెకానిక్ దొరికితే అతణ్ని వదులుకోకూడదు.

ప్రివెంటర్ చెడిందా, నిజంగానే ఫేజులో తేడా ఉందా అని తేల్చడం కష్టం కాదు. మూడు జతల వోల్టేజీ కొలవాలి. మూడూ అయిదు పది వోల్టుల తేడాలో ఉండి, క్రమం కూడా సరిగా ఉండి, డబ్బా ఒప్పుకోకపోతే డబ్బా చెడింది. ఒక జత మిగతావాటికంటే ముప్పై నలభై వోల్టులు తక్కువుంటే డబ్బా నిజం చెబుతోంది, మనం స్తంభం వైపు నడవాలి.

కాయిల్. కాంటాక్టర్‌ను లాగి పట్టుకునే చుట్ట. కాయిల్ మీద 240 అనో 415 అనో రాసి ఉంటుంది. దుకాణంలో తొందరపడి రెండోదానికి బదులు మొదటిది తెస్తే నిమిషాల్లో మాడుతుంది, మొదటిదానికి బదులు రెండోది తెస్తే లాగదు. సరైన కాయిల్ తన వోల్టేజీలో 85 శాతం ఉంటే లాగాలి. పట్టుకున్నాక సగానికి పడినా వదలకపోవచ్చు. అందుకే తక్కువ వోల్టేజీలో "ఒకసారి పట్టుకుంటే నడుస్తది" అంటారు. నడుస్తుంది, నిజమే, మోటారు ఖర్చు మీద.

కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంటే వోల్టేజీ తక్కువ, లేదా కాయిల్ దారిలో ఎక్కడో వదులు. గట్టిగా బుర్రుమంటుంటే అయస్కాంతపు ముఖాల మధ్య దుమ్మో తుప్పో ఉంది, లేదా ఆ ముఖం మీది రాగి కడియం విరిగింది. చీమలు కూడా చేరతాయి. కాంటాక్టుల మధ్య నలిగిన చీమల పొర వల్ల ఒక ఫేజు అందకపోవడం కట్టుకథ కాదు. బల్లుల సంగతి చెప్పనక్కర్లేదు, ప్రతి మెకానిక్‌కూ ఒక బల్లి కథ ఉంటుంది. వైర్లు దూరే రంధ్రాలకు గ్రోమెట్ వేయడమో, కనీసం ఎంసీల్ పెట్టడమో చేస్తే ఆ కథలు తగ్గుతాయి.

ఓవర్‌లోడ్. రెండు లోహాల పట్టీలు వేడికి వంగి కాయిల్ కరెంటును తెంచే రిలే. దీని మీద చిన్న చక్రం, అంకెలు. ఆ అంకె మోటారు పేరుపలక మీది ఆంపియర్లకు సరిపోవాలి. అయిదు హార్స్‌పవర్ మామూలు మోటారుకు ఏడున్నర ఎనిమిది ఆంపియర్లు అనుకుంటే, బోరులో దిగే సబ్‌మెర్సిబుల్ అంతకంటే కొంత ఎక్కువే లాగుతుంది. కాబట్టి పలకే ప్రమాణం, నోటిలెక్క కాదు. స్టార్-డెల్టా స్టార్టర్లో రిలే వైండింగు దారిలో ఉంటే పూర్తి అంకె పెట్టకూడదు, దానికి 0.58 వంతు పెట్టాలి. ఈ ఒక్క లెక్క తెలియక రిలే ఉండీ లేనట్టయిన పెట్టెలు చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం మాత్రమే ట్రిప్ అవుతోంది, పొద్దున బాగానే ఉంది అంటే రేకు పెట్టె ఎండను కూడా అనుమానించాలి. బయటి వేడిని సరిచూసుకునే ఏర్పాటు లేని పాత రిలేకు మోటారు వేడీ సూర్యుడి వేడీ ఒకటే. దానికి మందు చక్రం తిప్పడం కాదు, పెట్టెకు పడమటి వైపు తాటాకు అడ్డం కట్టడం.

నీళ్లు తెగటం. బోరులో నీటి మట్టం పంపు కిందికి జారినప్పుడు మోటారు ఉత్తినే తిరుగుతుంది. దాన్ని చల్లబరిచేవీ, బేరింగులను తడిపేవీ నీళ్లే కనుక ఇది మెల్లగా చంపే జబ్బు. ఇక్కడ ఓవర్‌లోడ్ రిలే పనికిరాదు, ఎందుకంటే బరువు లేని మోటారు లాగే కరెంటు తగ్గుతుంది, పెరగదు. అందుకని తక్కువ కరెంటును కనిపెట్టే డ్రై రన్ బోర్డు కావాలి. దాన్ని అమర్చే తీరు ఒకటే. నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి, దానికి ఇరవై ఇరవై అయిదు శాతం దిగువన ఆగేలా పెట్టడం. తొమ్మిది ఆంపియర్లు చూపిస్తే ఏడు దగ్గర.

తర్వాత ఎంతసేపటికి మళ్లీ ఎత్తుకోవాలన్నది బోరును బట్టి ఉంటుంది, బోర్డును బట్టి కాదు. ఉదయగిరి వైపు రాతిబోర్లలో ఊట నిదానం. పది నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు పోసి ఆగే మోటారు, లేచిన ప్రతిసారీ మామూలుకు ఆరు రెట్ల కరెంటు తాగుతుంది. గంటకు ఒక్కసారే లేచి ఎక్కువసేపు పోయడం నయం.

ఆటో. కరెంటు రాగానే దానంతటదే మోటారును లేపే బోర్డు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య పొలానికి పోయిన తరానికి దీని విలువ తెలుసు. విద్యుత్ సంస్థ వాళ్లు దీన్ని తీసేయమంటారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఒక 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండా ఇవ్వగలిగేది 84 ఆంపియర్లు. దాని మీద అయిదు హార్స్‌పవర్ మోటార్లు పది ఉంటే, ఒక్కోటికి ఎనిమిది లెక్కన నడిచేటప్పుడు 80 ఆంపియర్లు, సరిపోతుంది. పదింటికీ ఆటో ఉండి ఒకే క్షణాన లేస్తే 480. వోల్టేజీ కుప్పకూలుతుంది, కాయిళ్లు వదిలేస్తాయి, వదలగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటాయి. కాంటాక్టులు అతుక్కుపోయేది అప్పుడే. అతుక్కున్న కాంటాక్టర్ ఎర్రబటన్ నొక్కినా మోటారును ఆపదు.

ఆటో తీసేయడం కంటే ఆలస్యం పెట్టుకోవడం నాకు నచ్చిన దారి. దాదాపు ప్రతి ఆటో బోర్డు మీదా టైమరు ఉంటుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు కూచుని ఒకరు అర నిమిషం, ఒకరు నిమిషం, ఇంకొకరు నిమిషంన్నర అని పంచుకుంటే చాలు. ఇది సాంకేతికంగా తేలిక, ఊరి రాజకీయాల్లో కష్టం.

సెల్ స్టార్టర్. సిమ్ వేసి ఫోనుతో నడిపే బోర్డు. ఇది చెడితే మొదట చేయవలసింది బోర్డును వదిలేసి పచ్చబటన్ నొక్కి చూడటం. చేత్తో నొక్కితే మోటారు లేచిందా, తప్పు బోర్డులో. చేత్తోనూ లేవలేదా, తప్పు పెట్టెలోనో, లైనులోనో, బోరులోనో. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగం అవుతుంది.

బోర్డులోనే అని తేలితే సిమ్ నుంచి మొదలుపెట్టాలి. రీచార్జి అయిపోయిందా? 2జీ మీదే పనిచేసే పాత బోర్డులో జియో సిమ్ వేశారా? ఎన్నాళ్లయినా పనిచేయదు, ఆ సంస్థకు 2జీ లేదు. ఏంటెన్నాను రేకు పెట్టె లోపలే ఉంచి మూత వేశారా? సిగ్నల్ ఉంది, ఫోను చేస్తే బోర్డు మీది రిలే టిక్కుమంటోంది, కాంటాక్టర్ మాత్రం కదలదంటే ఆ చిన్న రిలే కాంటాక్టులు మాడాయి. ఏ దీపమూ వెలగకపోతే ఫ్యూజు పక్కన నాణెంలా ఉండే వేరిస్టర్‌ను చూడాలి. పిడుగుపాటు తరువాత అది పగిలి నల్లబడి ఉంటుంది. తాను పోయి బోర్డును కాపాడిన భాగమది, దాన్ని కొత్తది వేయకుండా ఫ్యూజు మాత్రం మారిస్తే వచ్చే పిడుగుకు బోర్డే పోతుంది. కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే వేడి దెబ్బ.

మోటారు ఆగిన ప్రతిసారీ బోర్డు బిగుసుకుపోయి, కరెంటు తీసి పెడితే గాని తేరుకోకపోవడం ఇంకో ఫిర్యాదు. కాంటాక్టర్ కాయిల్ వదిలేటప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజీ బోర్డులోని చిప్పును తికమకపెడుతుంది. కాయిల్‌కు అడ్డంగా రెసిస్టరూ కెపాసిటరూ కలిసిన చిన్న ముక్క ఒకటి తగిలిస్తే అణుగుతుంది. బోర్డు మార్చాలనేవాళ్లు ముందు ఇది చేసి చూడొచ్చు.

ఎర్తు. పెట్టె ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే ఇక పరీక్షలేవీ వద్దు. మెయిన్ తీసేయాలి. పెట్టె ఒంటినుంచి నేలలో దింపిన గొట్టం దాకా తెగని తీగ ఉండాలి, గొట్టం చుట్టూ తడి ఉండాలి. ప్రాణం మీదికి తెచ్చే పని ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే, దానికి వచ్చే లైనును తెంచే ఏబీ స్విచ్ దించి తామే వేసుకుందామని ఎక్కేవాళ్లున్నారు. ఆ స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి తెరుచుకోకుండా ఉండిపోవడం కింద నుంచి కనబడదు. 1912కు ఫోను చేసి లైన్‌మన్ కోసం కాచుకోవడమే.

తిరుగుడు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకనో, లైను తెగి మళ్లీ కట్టాకనో నీళ్లు సగానికి తగ్గితే బోరు ఎండిందని బెంబేలు పడనక్కర్లేదు. ఫేజుల క్రమం తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుండవచ్చు. ఏ రెండు వైర్లు అటూ ఇటూ మార్చినా సరిపోతుంది. క్రమాన్ని చూసే ప్రివెంటర్ ఉంటే అది అసలు మోటారును లేవనివ్వదు. అప్పుడు దాన్ని శాంతింపజేయడానికి దాని వైర్లు మాత్రమే తిప్పి కడుతుంటారు. డబ్బా ఒప్పుకుంటుంది, మోటారు మాత్రం వెనక్కే తిరుగుతుంది. మార్చవలసింది మెయిన్ స్విచ్ దగ్గర, పెట్టెలోకి వచ్చే వైర్లలో.